పాపికొండల్లో ఒడ్డు వెంట పాత ఊళ్ళ దారి: ఇప్పుడు నడవచ్చా?

నడకపిచ్చి_కార్తీక్
పాపికొండలంటే ప్రతిసారీ అదే వరస. లాంచీ ఎక్కడం, చెవులు పగిలేలా పాటలు, మధ్యాహ్నం భోజనం, పేరంటపల్లిలో కాసేపు దిగి గుడి చూడటం, చీకటి పడకముందే వెనక్కి. విసుగొచ్చేసింది. ఈసారి నడిచి చూద్దామని ఉంది. మా అమ్మమ్మగారిది పోలవరం. ఏటి ఒడ్డు వెంట కాలిబాట ఉండేదనీ, కొండరెడ్లు (ఆ కొండల్లోని గిరిజనులు) వాడపల్లి, కొరుటూరు, సిరివాక మీదుగా పేరంటపల్లి దాకా నడిచేసేవాళ్ళనీ తాతయ్య చెప్పేవారు. ఆ దారి ఇప్పుడు ఎంతవరకు మిగిలింది? రాత్రిళ్ళు ఎక్కడ పడుకోవచ్చు? డిసెంబరులో నలుగురం అనుకుంటున్నాం. అందరం బాగానే నడుస్తాం, టెంట్లున్నాయి. మ్యాపులో ఊళ్ళ పేర్లన్నీ కనిపిస్తున్నాయి గానీ ఉపగ్రహ చిత్రంలో చూస్తే కొన్నిచోట్ల ఉత్త నీళ్ళే.

వెటకారం_వెంకట్
టెంట్లు సరే, తెప్ప ఉందా?

గోదారి_గట్టు
వెంకట్ జోకేశాడు గానీ సంగతి అదే. పోలవరం ఎగువ కాఫర్ డ్యాం (తాత్కాలిక అడ్డుకట్ట) లేచి, 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే (గేట్ల కట్టడం) వైపు మళ్ళించాక ఆ పైన ఒడ్డు మునుపటి ఒడ్డు కాదు. పోలవరం మండలంలో డ్యాంకి ఎగువనున్న ఊళ్ళు ఖాళీ చేయించారు. అవతలి ఒడ్డున దేవీపట్నం, తొయ్యేరు, మంటూరు, కచ్చులూరు వైపు కూడా అంతే. వరదకి ఇళ్ళు మునుగుతాయి, వరద తీశాక మోకాలి లోతు ఒండ్రు. మనుషులు తిరగని బాట రెండు వర్షాకాలాలకే ముళ్ళకంపల్లో కలిసిపోతుంది. మీ తాతయ్యగారు చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే ఆయన చెప్పింది ఊళ్ళున్న రోజుల మాట.

సివిల్_సుబ్బారావు
కాస్త లెక్కలు చెబుతా, బోరు కొడితే దాటేయండి. స్పిల్‌వే క్రెస్టు, అంటే గేట్ల అడుగు మట్టం, సముద్రమట్టానికి 25.72 మీటర్లు. మామూలు రోజుల్లో అటూ ఇటూగా ఆ మట్టానికి నీళ్ళు వెనక్కి నిలుస్తాయి. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, మన పాత లెక్కలో 150 అడుగులు. మొదటి విడత పునరావాసం 41.15 మీటర్ల కాంటూరు (ఆ ఎత్తు గీత) లోపలి ఊళ్ళ వరకు. కార్తీక్ అడిగే బాట చాలావరకు పాతిక మీటర్లకీ నలభై అయిదుకీ మధ్యలోనే ఉంటుంది. అందుకే ఇవాళ ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. రిజర్వాయరు నిండా నీళ్ళు నిలబెట్టిన రోజున ఆ ముక్కలూ ఉండవు.

నడకపిచ్చి_కార్తీక్
బోరేం కాదండీ, ఇదే కావాల్సింది. అంటే ఇప్పుడు చూడకపోతే ఇక లేనట్టే కదా? అందుకే ఇంకా వెళ్ళాలనిపిస్తోంది.

పద్మజ_కాకినాడ
"మునిగిపోయేలోగా చూసొద్దాం" అనే మాట నాకెందుకో గుచ్చుకుంది. మీరు తప్పుగా అనలేదని తెలుసు. కానీ మునిగేది వ్యూపాయింటు కాదు కదా.

రిటైర్డ్_మాస్టారు
ఆ వైపు ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేశాను. ఏ ఊరో చెప్పను, చెబితే ఇక్కడే ఎవరో ఒకరు పట్టేస్తారు.

కార్తీక్ గారు ఊహించుకుంటున్నట్టు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే బాట ఏనాడూ లేదు. ఊరికీ ఊరికీ మధ్య ముక్కలు. అవి కూడా కాలాన్ని బట్టి మారేవి. ఎండాకాలం ఇసుకలో పడి పోయేవాళ్ళు, అది దగ్గర. తొలకరి పడగానే ఇసుక మునిగేది, అప్పుడు పైన చెట్లలోంచి ఇంకో దారి. గోదావరి పోటు మీదున్నప్పుడు అదీ ఉండదు, కొండెక్కి అవతల దిగాలి. అసలు చిక్కు వాగుల దగ్గర. ఏరు పెరిగితే వాగులోకి నీళ్ళు ఎగదన్నుతాయి. వాగు కలిసే చోట దాటలేక చాలా దూరం పైకి నడిచి, రాళ్ళ మీద దాటి, మళ్ళీ అంత దూరం కిందికి రావాలి. మ్యాపులో వేలెడంత కనిపించే దూరానికి పూట పట్టేది. జీతానికీ రేషనుకీ లాంచీయే దిక్కు. లాంచీ తప్పితే నడక. అందుకని నాకు ఆ దారి అందం కంటే చెప్పుల మోత ఎక్కువ గుర్తు.

ఒకటి మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందుంది. మామిడి రోజులు అయిపోయాక ఆడవాళ్ళు టెంకలు పగలగొట్టి, లోపలి జీడి ఎండబెట్టి, ఉడకేసి, వెదురు బుట్టల్లో పోసి వాగులో పెట్టేవాళ్ళు. బుట్టకి మీద రాయి, కొట్టుకుపోకుండా. వగరు పోవాలంటే నిలవ నీళ్ళు పనికిరావు, పారే నీళ్ళే కావాలి. తర్వాత దంచి అంబలి కాచేవాళ్ళు. వానాకాలం గింజలు అయిపోయినప్పుడు అదే తిండి. నడుస్తూ పోతుంటే ప్రతి వాగులోనూ ఆ బుట్టలు వరుసగా కనిపించేవి. ఏ బుట్ట ఎవరిదో గుర్తులేవీ ఉండవు, అయినా ఎవరి బుట్ట వాళ్ళే తీసుకునేవాళ్ళు.

వెటకారం_వెంకట్
మాస్టారూ, రుచి ఎలా ఉంటుందో చెప్పలేదు. దాటేశారు.

రిటైర్డ్_మాస్టారు
మొదటిసారి మింగలేకపోయాను, పిల్లలు పడి పడి నవ్వారు. జీలుగు చెట్టు దవ్వ (కాండం లోపలి మెత్తటి భాగం) పిండితో కాచే జావ మటుకు నాకు నచ్చేది.

సిరివాక_చిన్నోడు
మాస్టారూ, మీరెవరో పట్టేశాం లెండి. మా పెదనాన్నకి ఎక్కాలు నేర్పింది మీరే అయ్యుంటారు.

కార్తీక్ అన్నా, మాది ఆ దారిలో ఊరే. ఇప్పుడు జంగారెడ్డిగూడెం వైపు కాలనీలో ఉంటున్నాం. స్లాబు ఇల్లు, కరెంటు, రోడ్డు, అన్నీ ఉన్నాయి. 108 ఫోన్ చేస్తే వస్తుంది. ఊళ్ళో ఉన్నప్పుడు మా చిన్నమ్మని పురిటికి నులకమంచం మీద మోసుకొచ్చి పడవెక్కించారు. కాబట్టి అక్కడంతా స్వర్గం, ఇక్కడంతా నరకం అని నేను చెప్పను. కానీ అక్కడ మాకు డబ్బుతో పనే తక్కువ. చింతపండు, అడ్డాకులు, కుంకుళ్ళు తెచ్చి జీసీసీ (గిరిజన సహకార సంస్థ) డిపోలో వేసేవాళ్ళం. కొండ మీద పోడులో జొన్నలు, కందులు. ఇక్కడ పొద్దున్న లేస్తే కూలి. పామాయిల్ తోటల్లో గెలలు మోయడం. కాలనీ చుట్టూ ఉన్నది ఎవరెవరివో పొలాలు, పుల్ల ఏరుకుందామన్నా అడగాలి.

మా నాన్న మాత్రం ఎండలు ముదిరేసరికి ఊరెళ్తానంటాడు. వెళ్తాడు కూడా. మా చింతచెట్లలో మెరక మీద ఉన్నవి ఇంకా కాస్తున్నాయి. ఇల్లున్న చోట ఏమీ లేదు. వెదురు తడికల గోడలు మొదటి వరదకే పోయాయి. రోలు మాత్రం భూమిలో పాతి ఉంటుంది కదా, అది కదల్లేదు, ఒండ్రు తవ్వితే దొరికింది. నాన్న దాన్ని కడిగి అలాగే వదిలేసి వచ్చాడు. మోసుకురావడానికి అయిదుగురు కావాలి.

మావాళ్ళు వెళ్ళేది మీరనుకుంటున్న ఒడ్డు దారిలో కాదు. అడవి వైపు నుంచి, వెనక దారిలో. బండి పోయినంత దూరం బండి మీద, తర్వాత దిగడం. ఒడ్డు వెంట దారి మాకే లేదు, మీకెక్కడిది!

లాంచీ_రాజు
చిన్నోడు చెప్పింది కరెక్టు. చాలాకాలం లాంచీ మీద పనిచేశా, రెండు ఒడ్లూ ఎరుగుదును. పైకి పోయేకొద్దీ కొండలు దగ్గరకొచ్చేస్తాయి. ఇసుక లేనప్పుడు ఒడ్డు అనేదే ఉండదు, కొండ సరాసరి నీళ్ళలోకి దిగుతుంది. అక్కడ బాట ఎక్కడ పెడతారు? మేకలు కూడా నడవవు.

ఇంకో మాట. ఎక్కడైనా ఇరుక్కుంటే దారిన పోయే నాటుపడవని పిలిచి ఎక్కేద్దాం అనుకోకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు లాంచీ మునిగి ఏం జరిగిందో అందరికీ తెలుసు. వరద మీదున్న ఏట్లో, ఆ సుడిలో. పడవని పైకి తీయడానికే నెల దాటింది. అంతకు ముందు ఏడాదే మంటూరు దగ్గర ఇంకో లాంచీ మునిగింది, అందులో ఎక్కువమంది ఆ ఊళ్ళ జనమే. నీళ్ళు ప్రశాంతంగా ఉన్నట్టే ఉంటాయి. ఆ మలుపు దగ్గర కాదు.

గోదారి_గట్టు
అవును. 2019 తర్వాత రెండేళ్ళ దాకా టూరిస్టు బోట్లే సరిగా తిరగలేదు. ఇప్పుడు లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కనివ్వరు, నీటిమట్టం పెరిగితే ఆపేస్తున్నారు.

డల్లాస్_గోదావరి
అందరూ వద్దు, కుదరదు అంటున్నారు. వేరే దేశాల్లో ఎలా చేశారో కూడా చూడాలి కదా. తైవాన్ వెళ్ళినప్పుడు తరోకో లోయలో షకడాంగ్ అనే బాట నడిచాను. ఏటి పక్కనే, కొండని తొలిచి వేసిన దారి. జపాన్ వాళ్ళు ఏలిన కాలంలో జలవిద్యుత్ పని కోసం వేశారు. ఆ కొండల్లో త్రుకు అనే ఆదివాసులవి పాత ఊళ్ళు. జపాన్ సైన్యం 1914లో వాళ్ళ మీద పెద్ద యుద్ధమే చేసి లొంగదీసుకుంది, తర్వాత కొండల మీది ఊళ్ళను కిందికి దించింది. అంటే కథ మనదానికి దగ్గరదే. నేను వెళ్ళినప్పుడు ఆ బాట పక్కన వాళ్ళే చిన్న అంగళ్ళు పెట్టుకుని తిండీ, చేతిపని వస్తువులూ అమ్మేవాళ్ళు. నీళ్ళు నీలం రంగులో అద్దంలా ఉంటాయి. మనకెందుకు అలాంటిది ఉండకూడదు? 45.72 మట్టానికి పైన కొత్త బాట వేసి, కొండరెడ్లనే గైడ్లుగా పెడితే వాళ్ళకీ ఆదాయం.

సివిల్_సుబ్బారావు
ఆ షకడాంగ్ బాటే 2024 ఏప్రిల్ భూకంపంలో కొండచరియలు పడి మనుషులు పోయి మూతపడింది. కొండని తొలిచి బాట వేయడం ఫోటోలో బాగుంటుంది. పైగా మనది నేషనల్ పార్కు, 2008లో ప్రకటించారు, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులో కొత్త బాట అంటే ఎన్ని అనుమతులో.

డల్లాస్_గోదావరి
భూకంపం వస్తుందని ఎవరూ దారులు వేయడం మానరు కదండీ.

అడవిదున్న
పార్కు సంగతి వచ్చింది కాబట్టి. ఊళ్ళు ఖాళీ అయ్యాక జంతువులు ఒడ్డుదాకా దిగుతున్నాయి. అడవిదున్నలు, కణుజులు. ఎండాకాలం సాయంత్రం నీళ్ళకొచ్చే దున్నల మందకి ఎదురుపడితే టెంట్లూ ట్రెక్కింగ్ కర్రలూ ఏమీ చేయలేవు. గిరినాగులు కూడా ఉన్న అడవి అది. అనుమతి లేకుండా లోపల రాత్రి ఉండటం వన్యప్రాణి చట్టం కింద నేరం. నా మటుకు నాకైతే కొంత అడవిని మనుషుల్లేకుండా వదిలేయడమే మంచిది. పోడు కూడా తగ్గుతుంది.

సిరివాక_చిన్నోడు
అన్నా, పోడు వల్ల పోయిన అడవెంత, నీళ్ళ కింద పోయే అడవెంత, పక్కపక్కన పెట్టి చూడండి. దున్నలు మేమున్నప్పుడూ ఉన్నాయి. మా పోడులో పడి మేస్తే రాత్రంతా మంచె మీద కూర్చుని డప్పులు కొట్టేవాళ్ళం. మనుషులు వెళ్ళిపోతేనే జంతువులు బతుకుతాయంటే, మా తాతల కాలం నుంచి బతికినవి ఏమిటి?

అడవిదున్న
నువ్వన్నదాంట్లో న్యాయం ఉంది తమ్ముడూ. నేనంటున్నది టూరిస్టుల గురించి. నీ పోడుకీ, శనివారం వచ్చి సీసాలు పగలగొట్టేవాడికీ తేడా నాకు తెలుసు.

పద్మజ_కాకినాడ
ఆదాయం అన్న డల్లాస్ గారి మాట పూర్తిగా కొట్టిపారేయను. మారేడుమిల్లిలో అటవీశాఖ కమ్యూనిటీ టూరిజం పెట్టింది, వలమూరు దగ్గర జంగిల్ స్టార్ క్యాంపు అలాంటిదే. వంట, గదులు, గైడు అంతా అక్కడి గిరిజనులే చూసుకుంటారు. మేం ఉన్నాం, బాగుంది. కానీ అదే ఊళ్ళో రోడ్డు పొడుగునా వరసకట్టిన బొంగు చికెన్ బండ్లూ, వాగు నిండా ప్లాస్టిక్ గ్లాసులూ కూడా చూశాం. పైగా అక్కడ ఊళ్ళలో మనుషులున్నారు. ఇక్కడ గైడుగా పనిచేయాల్సిన మనిషిని ముందు బయటికి పంపేసి, మళ్ళీ "రా, నీ ఊరు చూపించు, రోజుకింత ఇస్తాం" అనడం ఎలా ఉంటుందో చిన్నోడే చెప్పాలి.

సిరివాక_చిన్నోడు
నన్నడిగితే వస్తాను మేడం. కూలికంటే నయం. మా నాన్న మాత్రం రాడు. ఎవరైనా ఫోటో తీస్తే మొహం తిప్పేసుకుంటాడు.

నిజంగా మాకేదైనా చేయాలనుంటే బాటకంటే ముందు పునరావాస ప్యాకేజీ సంగతి చూడమనండి. గిరిజన కుటుంబానికి 6.86 లక్షలు అన్నారు, 18 ఏళ్ళు నిండినవాళ్ళకి విడిగా లెక్క. ఏ తేదీకి 18 నిండాలి అన్న దగ్గరే సగం గొడవ. నా స్నేహితుడు కొన్ని నెలల తేడాలో పోయాడు, అంటే లిస్టులోంచి. మనిషి బాగానే ఉన్నాడు.

వెటకారం_వెంకట్
చివరి వాక్యం లేకపోతే గుండె ఆగేది బాబూ.

కోయిదా_కోడలు
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మాది వేలేరుపాడు మండలం. పై ఊళ్ళు ఏమయ్యాయో చెబుతాను. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది చూశారా, అప్పుడు మా ఊళ్ళన్నీ కొండెక్కాయి. 1986 వరద చూసిన ముసలాళ్ళు అది 75.6 అని, అంతకంటే తక్కువేలే అని ధైర్యం చెప్పారు గానీ, ఈసారి నీళ్ళు దిగడానికే రోజులు పట్టింది. కొండ మీద పరదాల కింద, వానలో, పిల్లలతో. బియ్యం బోటు మీద వచ్చేవి. ఎద్దువాగు పొంగితే ఇప్పటికీ వేలేరుపాడుకి దారి ఉండదు.

కార్తీక్ గారికి ఒక దారి చెబుతా. వేలేరుపాడు నుంచి కోయిదా దాకా రోడ్డుంది. అక్కడి నుంచి కాకిస్నూరు, టేకుపల్లి, పేరంటపల్లి వరసలో కొండరెడ్ల ఊళ్ళు. అక్కడ నడక దారులు ఇంకా వాడుకలో ఉన్నాయి, కొందరు ఊళ్ళలో ఉన్నారు, కొందరు వెళ్ళిపోయారు. మనుషులు తిరుగుతున్న దారి కాబట్టి దారి తప్పరు. కానీ ఒంటరిగా దిగిపోకండి. ఊరి పెద్దని కలిసి, ఊళ్ళో కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళండి. రోజు కూలి అడక్కముందే ఇచ్చేయండి. మావాళ్ళు నోరు తెరిచి అడగరు.

లాంచీ_రాజు
ఇదీ మాట. నేను చెబుదామనుకున్నదీ ఇదే దారి. పేరంటపల్లిలో ఆశ్రమం ఉంది కదా, బాలానంద స్వామి పెట్టింది. గుడి దాకా చేరితే అక్కడి నుంచి బోటు మీద బయటపడొచ్చు, ముందే మాట్లాడుకుంటే. చివరి బోటు వెళ్ళిపోతే మాత్రం అంతే సంగతులు.

నడకపిచ్చి_కార్తీక్
కోయిదా గారూ, చాలా థాంక్సండి. పడుకోవడం సంగతేంటి? ఊళ్ళో టెంటు వేసుకోనిస్తారా?

కోయిదా_కోడలు
టెంటు ఎందుకండీ, అరుగు మీద పడుకోమంటారు. ముందు ఫారెస్టు వాళ్ళ అనుమతి ఉందో లేదో చూసుకోండి, రాత్రి మకాం గురించి వాళ్ళు చెప్పిందే మాట. వండి పెట్టేవాళ్ళకి బియ్యం, పప్పు, నూనె మీరే తీసుకెళ్ళండి. నాలుగు కడుపులంటే అక్కడ చిన్న విషయం కాదు. టార్చి మర్చిపోవద్దు. సిగ్నల్ కొండ మీద ఒక చోట వస్తుంది, ఎక్కడో పిల్లలకి తెలుసు.

వెటకారం_వెంకట్
అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. జీలుగు కల్లు దొరుకుతుందా?

రిటైర్డ్_మాస్టారు
దొరికితే మర్యాదగా ఇచ్చినంత తాగు. కల్లు మీద తెల్లవాళ్ళు పెట్టిన ఆంక్షల వల్లా, చిగురు పన్ను (కల్లు చెట్ల మీద పన్ను) వల్లా 1879లో రంప కొండలు తిరగబడ్డాయి. రంప మన్సబుదారు (ఆ కొండల జమీందారు లాంటివాడు) దోపిడీకి అది తోడైంది. కాబట్టి బేరాలాడకు.

వెటకారం_వెంకట్
తాగడానికి కూడా సిలబస్ ఉందన్నమాట.

డల్లాస్_గోదావరి
చిన్నోడికి ఒక మాట. నేను బాట వేయాలన్నది మిమ్మల్ని చూపించి డబ్బు చేసుకోవాలని కాదు. అయినా పద్మజ గారు అడిగిన తీరు ఆలోచించాల్సిందే. బాట ఎవరి చేతిలో ఉంటుందన్నదే అసలు ప్రశ్న అంటాను.

సిరివాక_చిన్నోడు
నాకేం కోపం లేదు సార్. మీరొచ్చినప్పుడు చెప్పండి, వెనక దారిలో తీసుకెళ్తా. షూస్ మాత్రం తెల్లవి వేసుకురాకండి.

పద్మజ_కాకినాడ
కార్తీక్, వెళ్ళొచ్చాక రీల్ పెడితే ఊళ్ళకి లొకేషన్ పిన్నులు పెట్టకండి. ఒక పిన్ను చాలు, తర్వాతి వారం బైకులు దిగుతాయి.

నడకపిచ్చి_కార్తీక్
పెట్టనండి. పోలవరం వైపు ఆలోచన మానేశాం. కోయిదా వైపు, ఒక రాత్రి కుదిరితే సరే, లేకపోతే పొద్దున్నే బయల్దేరి పేరంటపల్లి చేరి బోటు పట్టుకుంటాం. అనుమతి కోసం రేపు ఫోన్ చేస్తున్నాను. మా అమ్మ కూడా వస్తానంటోంది, ఆవిడకి అరవై దాటాయి. కాకిస్నూరు నుంచి ఎక్కుడు ఎక్కువా?

కోయిదా_కోడలు
వాగులు దిగి ఎక్కడమే ఇబ్బంది, మిగతాది పర్లేదు. అమ్మగారు వస్తే ఆవిడ కోసం పేరంటపల్లికి ముందే బోటు మాట్లాడుకుని, ఆవిణ్ణి నేరుగా అక్కడ దింపించండి. మీరు నడిచి రండి.

లాంచీ_రాజు
ఆదివారం మాత్రం పెట్టుకోకండి. రాజమండ్రి బోట్లు, భద్రాచలం వైపు బోట్లు అన్నీ ఒకేసారి పేరంటపల్లి రేవులో ఉంటాయి, అమ్మగారు దిగడానికే గంట పడుతుంది. మంగళ, బుధవారాలు చూసుకోండి.